పొద్దు మొగం చూసి నడిచిన మీటరప్ప

పోయిన వారం మా మండలం లైబ్రరీ మెట్ల దగ్గర ఒక రైతు చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. మధ్యాహ్నం ఎండ. బండ కాలుతుంటే ఒక కాలు ఎత్తి ఒక కాలు దించుతున్నాడు. చిలమత్తూరు దగ్గరి పల్లె నుంచి రెండు బస్సులు మారి వచ్చాడట.

“మీటరప్ప అని ఒకాయన పొద్దున్నే ఈడికి వస్తాంటాడని చెప్పినారు. యాడుంటాడమ్మా?”

“ఆయన పోయి ఏడాది దాటిందన్నా.”

రైతు ఎత్తిన కాలు బండ మీదే దించేశాడు. తర్వాత చేతిలోని చెప్పుల వైపు చూసుకుని, “అయితే ఇంగ ఇవి తొడుక్కోవచ్చునా?” అని అడిగాడు.

తొడుక్కోమన్నాను. హిందూపురంలో బోరు పాయింటు పెట్టే వేరే మనిషి నంబరు కాగితం మీద రాసిచ్చాను. ఆయన వెళ్ళిపోయాక లోపలికి వచ్చి, తెరిచి పెట్టిన పుస్తకం ముందు కూర్చున్నాను గానీ ఒక్క పేజీ కూడా కదల్లేదు. ఆ చెప్పుల ప్రశ్నతో మీటరప్ప నా ముందుకు వచ్చి నిలబడ్డాడు.

మీటరప్ప అంటే కరెంటు మీటరు చూసే మనిషి కాదు. బోరు ఎక్కడ వేయాలో చూసి పాయింటు పెట్టేవాడు. నేల లోపలి రాళ్ళను పరీక్షించే ఒక సర్వే ఆఫీసులో ఇరవై ఏళ్ళు హెల్పరుగా ఆఫీసర్ల వెనక పెట్టె మోశాడు. ఆ ఆఫీసు మూసేసినప్పుడు పాత సామాను వేలం వేస్తే, తాను మోసిన పెట్టెనే పాడుకుని ఇంటికి తెచ్చుకున్నాడు. అది అయస్కాంత మీటరు. ఛాతీ మీద పెట్టె వేలాడుతుంది. చేతిలో మనిషి ఎత్తు కర్ర, కర్ర చివర ఒక డబ్బా. మీట నొక్కితే పెట్టె మీద ఒక అంకె కనబడుతుంది. మా ప్రాంతంలో అది నలభై ఒక్క వేల చిల్లర. అది ఆ చోట భూమి అయస్కాంతం బలం.

మా నేల కింద అంతా తెల్లరాయి. ఆ తెల్లరాయిని చీల్చుకుని అక్కడక్కడ నిలువుగా నల్లరాయి గోడలు లేచి ఉంటాయి. పైకి కనబడవు. లోపల పారే కొద్దిపాటి నీళ్ళు ఆ గోడకు తగిలి, కట్ట వెనక నిలిచినట్టు నిలుస్తాయి. నల్లరాయి మీదికి వచ్చేసరికి మీటరు అంకె మారుతుంది. గోడ ఎక్కడుందో పట్టుకుంటే నీళ్ళు ఏ పక్క నిలుస్తాయో చెప్పొచ్చు. ఇదంతా నేను లైబ్రరీలో ఇంగ్లీషు పుస్తకం ఒకటి నిఘంటువు పక్కన పెట్టుకుని నాలుగు నెలలు చదివి తెలుసుకున్నాను. బడి నాకు తొమ్మిదో తరగతితో ఆగిపోయింది. జాకెట్లు కుడతాను. కుట్టుమిషను ముందు లేని గంటలన్నీ లైబ్రరీలోనే.

ఇక ఆ చెప్పుల సంగతి. మీటరు పక్కన ఇనుము ఉండకూడదు. అందుకని చేను గట్టు మీదే మీటరప్ప గడియారం, తాళాలు, బెల్టు తీసి గుడ్డలో మూటకట్టేవాడు. మా ఊరి చెప్పుల అడుగున మేకులుంటాయి కాబట్టి చెప్పులు కూడా విడిచేవాడు. ముళ్ళైనా రాళ్ళైనా ఒట్టి కాళ్ళతోనే నడిచేవాడు. చూసినవాళ్ళు దాన్ని మడి అనుకున్నారు. ఆయన వస్తున్నాడంటే ఇంటిల్లిపాదీ చెప్పులు విడిచి, తలస్నానం చేసి, చేతులు కట్టుకుని నిలబడేవారు. ఒక ఊర్లో మూడు రోజుల ముందు నుంచే నీసు మానేశారు. ఆ రోజు ఆకులో ఒట్టి పప్పు చూసి ఆయన మొహం చిన్నబోయిందట.

“ఇది మడి కాదప్పా, ఇనుము. కోడికూర ఉంటే పెట్టండి. కోడిలో ఇనుము యాడుంటుంది?”

ఈ మాట నాతో చెప్పినప్పుడు నేను ఊరుకోలేదు. “ఉంటుంది మామా. నెత్తురులో ఇనుముంటుందని పుస్తకంలో ఉంది,” అన్నాను.

“ఆ ఇనుము కడుపుకమ్మా, మీటరుకు కాదు,” అన్నాడు.

ఇంకొక ఊర్లో ఒక ముసలామె తాళి పట్టుకుని, “ఇది కూడా తీయాల్నా నాయనా?” అని భయంగా అడిగిందట. “బంగారాన్ని మీటరు పట్టించుకోదు తల్లీ. నువ్వు పట్టించుకుంటే చాలు,” అన్నాడట.

ఆయన నాకు చుట్టం కాదు. ఊరి వరసకు మామా అనేదాన్ని. ఆయన నన్ను కోడలా అనేవాడు. మాకు పరిచయమైంది లైబ్రరీ మిద్దె మీద. రోజూ తొమ్మిది గంటలకు ఆయన మిద్దెక్కేవాడు. విరిగిన బైనాక్యులరులో సగం ముక్కను ఒక చెక్క కాళ్ళ మీద బిగించుకున్నాడు. దాన్ని పొద్దు వైపు తిప్పి, వెనక అట్టపెట్టెలో తెల్లకాగితం పెడితే ఆ కాగితం మీద సూర్యుడు గుండ్రంగా పడేవాడు, జొన్నరొట్టె అంత. కళ్ళతో పొద్దును చూడకూడదు, కాగితం మీదే చూడాలి అని నాకు మొదటి రోజే గట్టిగా చెప్పాడు. ఆ వెలుగులో చిన్న చిన్న నల్లమచ్చలు కనబడతాయి. వాటిని పెన్సిలుతో ఉన్నవి ఉన్నట్టు గీసేవాడు. గీసేటప్పుడు నాలుక చివర పళ్ళ మధ్య పెట్టుకునేవాడు. కాగితం మూలన తేదీ వేసి, కింద ఒకే ఒక్క మాట రాసేవాడు: నడువు, లేదా నిలు.

సూర్యుడి మచ్చలకూ బోరు పాయింటుకూ సంబంధమేమిటని నేను అడిగాను. ఆయన చెప్పింది కొంత, ఆ తర్వాత నేను చదివింది కొంత కలిపితే ఇదీ. ఆ మచ్చల చోట సూర్యుడి అయస్కాంతం మెలికలు తిరిగి బిగుసుకుని ఉంటుంది. ఒక్కోసారి ఆ మెలిక తెగి పేలుతుంది. వెలుగు ఎనిమిది నిమిషాల్లో మన దగ్గరికి వస్తుంది. దాని వెనక సూర్యుడి ఒంట్లోంచి ఊడిన మబ్బు లాంటిది ఒకటి, రెండు మూడు రోజులు ప్రయాణం చేసి వస్తుంది. “పెళ్ళివాళ్ళ బస్సు మాదిరి. హారను ముందే వినపడుతుంది, మనుషులు దిగేది తర్వాత,” అనేవాడు. ఆ మబ్బు భూమికి తగిలితే భూమి అయస్కాంతం వణుకుతుంది. మనకేమీ తెలియదు. కాకులు అరవవు, ఆకు కదలదు. మీటరు ఒక్కటే పిచ్చిదానిలా అంకెలు మారుస్తుంది.

“ఆ మబ్బు మనకు తగులుతుందో లేదో ముందే ఎట్లా చెప్పేది మామా?”

“మచ్చ ఎడమ అంచున ఉంటే గమ్మునుండొచ్చు. మధ్యకొచ్చి దాటుతాంటే మన మీదికి గురి పెట్టినట్టు. అది కూడా పేలితేనే. పేలినా, వచ్చేది ఎద్దే గానీ కొమ్ములు మన పక్కకు తిప్పుకున్నాదో ఆ పక్కకు తిప్పుకున్నాదో దగ్గరికి వచ్చేదాకా తెలీదు.”

ఆ కొమ్ముల సంగతి కూడా నిజమే. మబ్బులోని అయస్కాంతం ఏ దిక్కుకు ఉందో, భూమికి చాలా దూరాన కాపలా ఉన్న ఉపగ్రహాలు చెబుతాయి. అప్పటికి మిగిలేది గంట, ఒక్కోసారి గంట కూడా ఉండదు. ప్రపంచమంతా పెద్ద పెద్ద చదువులవాళ్ళు ఈ పని మీదే కూర్చున్నారనీ, వాళ్ళ హెచ్చరికలు నా ఫోనులోకి కూడా వస్తాయనీ తెలిసినప్పుడు, నేను ఆయన్ని కొంచెం చిన్నబుచ్చేలా మాట్లాడాను. “ఇంక నీ బొమ్మలెందుకు మామా? అంతా ఇందులో ఉంది.”

ఆయనకు కోపం రాలేదు. “వాన కబురు రేడియోలో చెప్తారని మీ నాయన మబ్బు చూసేది మానినాడా?” అన్నాడు. తర్వాత, “వాళ్ళది చూడు, మనది కూడా చూడు. రెండూ ఒకే మాట చెప్తే కాలు కదపొద్దు,” అన్నాడు.

రోజూ బొమ్మ వేసే అలవాటు ఎందుకు పట్టుకుందో ఆయన ఒకే ఒకసారి చెప్పాడు. ఇరవై ఏళ్ళ కిందట దీపావళి అయిన వారంలో తనకల్లు ఊరి పక్క ఒక రైతు చేన్లో నడుస్తున్నాడు. పొద్దున్నుంచి అంకెలు నింపాదిగా ఉన్నాయి. పన్నెండు కాబోతుండగా ఒక్క అడుగులో అంకె ఎగిరింది. నల్లరాయి గోడ దొరికిందనుకున్నాడు. నియమం ప్రకారం, బయలుదేరిన చోట నాటిన కట్టె మేకు దగ్గరికి వెనక్కి వెళ్ళి మళ్ళీ చూడాలి. అక్కడ పొద్దున చూపిన అంకే చూపాలి. ఆయన వెళ్ళి చూశాడు, అంకె కలవలేదు. పాత మీటరు కదా, వేడెక్కిందేమో అనుకుని పాయింటు పెట్టేశాడు. బోరులో దుమ్ము తప్ప ఏమీ రాలేదు.

మూడు నెలల తర్వాత లైబ్రరీలో పాత పేపర్ల కట్ట తిరగేస్తుంటే, సరిగ్గా ఆ రోజు, ఆ వేళకే భూమికి పెద్ద సౌర తుఫాను తగిలిందని చదివాడు. అప్పుడు తెలిసింది, ఆ అడుగులో ఎగిరింది భూమి లోపలి రాయి కాదని. బస్సెక్కి ఆ రైతు దగ్గరికి వెళ్ళాడు. ఆ రైతు చీనీ చెట్లు, అదే బత్తాయి, అప్పటికే కట్టెలై గోడకు ఆనించి ఉన్నాయట.

“తప్పు నాదప్పా. రాయి అనుకున్నా. అది పొద్దు చేసిన పని.”

“పొద్దు మీద తోస్తాండావా?”

“లేదు. నడిచింది నేను కదా.”

రైతు ఆయన్ని కింది నుంచి పైదాకా చూశాడట. “పొద్దును పంచాయితీకి పిలవలేము. నువ్వు దొరికినావు. కూర్చో, మజ్జిగ తాగు,” అన్నాడట. ఆ ఏడే రైతు బెంగుళూరుకు పనికి వెళ్ళిపోయాడు. ఆ మజ్జిగ గొంతు దిగడానికి ఎంతసేపు పట్టిందో చెబుతూ మీటరప్ప గొంతు పట్టుకుని చూపించాడు. ఆ తర్వాత ఆయన పాయింటు పెట్టడమే గానీ బోరు వేసేటప్పుడు ఏ చేన్లోనూ నిలబడలేదు.

రెండేళ్ళ కిందటి మే నెలలో ఆ పొద్దు సంగతి మా ఇంటి మీదికే వచ్చింది.

మాకు మూడు వందల చీనీ చెట్లు. ఎనిమిదో ఏడు, కాపు మీద ఉన్నాయి. ఉన్న ఒక్క బోరు రోజుకు అరగంట పోసి గుర్రుమని గాలి వదిలేది. ఆకులు దొన్నెల్లా ముడుచుకున్నాయి. ఇంకొక బోరు వేద్దామని నాయన తీర్మానించాడు. అది కూడా పోతే చెట్లు నరికి, తాను కూడా బెంగుళూరు కట్టడాల పనికి వెళ్తానన్నాడు. నాయన ఏదీ బెదిరించడానికి అనడు.

మీటరప్ప ఆ వారమంతా చిలమత్తూరు పక్క పనిలో ఉన్నాడు. పోతూ పోతూ బొమ్మ వేసే పని నాకు అప్పజెప్పాడు. నేను గర్వంగా మిద్దెక్కాను. మంగళవారం ఒక మచ్చల గుంపు కనబడింది. బుధవారానికి అది పెరిగింది. గురువారం కాగితం మీద సూర్యుడి ముఖానికి పుట్టుమచ్చలా నల్లగా కనబడింది; అంత పెద్ద గుంపు ఆయన పాత బొమ్మల్లో ఒక్కదానిలో కూడా నేను చూడలేదు. శుక్రవారానికి మధ్య గీత బాగా దాటింది. ఫోనులో హెచ్చరికలు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. పేలింది ఒకసారి కాదు, వరసగా నాలుగైదు సార్లు.

అదే శుక్రవారం మధ్యాహ్నం బోరు బండి ఏజెంటు నాయనకు ఫోను చేశాడు. తమిళనాడు బండి రేపు మా ఊరికి వస్తుంది. రేపు కాదంటే మళ్ళీ ఎప్పుడో చెప్పలేనన్నాడు. పొద్దున్నే మీటరప్ప నడిచి పాయింటు పెడితే, మధ్యాహ్నానికి బండి చేన్లోకి. నాయన ముఖంలో చాలా రోజులకు కళ కనబడింది.

సాయంత్రం బస్సు దిగిన మీటరప్పకు స్టాండులోనే బొమ్మలు చూపించాను. ఆయన వాటిని వరసగా అరుగు మీద పరిచి, కింద కూర్చుని చూశాడు.

“ఇవి నువ్వేసినవేనా?”

“నేనే మామా.”

“కింద మాట రాయలేదే?”

నేను రాయలేదు. రాయడానికి చెయ్యి రాలేదు. ఆయన జేబులోంచి పెన్సిలు తీసి నా చేతిలో పెట్టాడు. శుక్రవారం బొమ్మ కింద ‘నిలు’ అని రాశాను.

“మీ నాయనకు నువ్వే చెప్పాల. బొమ్మ నీది,” అన్నాడు.

“రేపు తుఫాను తగలకపోతే?”

“తగలకపోతే నీది తప్పయినట్టు. చెప్పింది తప్పు కావచ్చు కోడలా. తెలిసి దాచేది మాత్రం కూడదు.”

ఇంట్లో చెప్పాను. నాయన సంగటి ముద్ద ముందు కూర్చుని ఉన్నాడు.

“పొద్దులో మచ్చ ఉంటే మన చేన్లో నీళ్ళు యాడికి పోతాయి?”

“యాడికీ పోవు నాయనా. మీటరు తప్పు చెప్తుంది.”

“అయితే మీటరు ఏమిటికి? ఓబులేసు మాదిరి నేను కూడా టెంకాయ వాన్ని పిలుచుకుంటా.” ఓబులేసు మా పక్క చేను రైతు; అరచేతిలో టెంకాయ పెట్టుకుని నడిచి, అది లేచి నిలబడిన చోట నీళ్ళున్నాయని చెప్పేవాళ్ళను నమ్ముతాడు.

“గమ్మున తిను,” అంది అమ్మ. “అది కూడు తినేదాని కంటే చదివేది ఎక్కువ. ఊరికే చెప్పదు.”

“అదే కదా నా బాధ.”

మర్నాడు పొద్దున మేము చేను చేరేసరికి మీటరప్ప అక్కడే ఉన్నాడు. మెడలో పెట్టె, ఒట్టి కాళ్ళు. నాయన ముఖం వెలిగింది, నడుస్తాడనుకుని. మీటరప్ప నడవలేదు. గట్టు దగ్గర వేపకట్టె మేకు ఒకటి నాటి, నాయన చెప్పులు, మొలతాడుకున్న తాళంచెవి తీయించి, పెట్టె తీసి నాయన మెడలో వేశాడు. కర్ర చేతికిచ్చాడు.

“మేకు కాడ నిలబడు. కాలు కదపొద్దు. నేను చెప్పినప్పుడు మీట నొక్కు. ఆఖరి మూడంకెలు గట్టిగా చదువు.”

నాయన నొక్కాడు. “రెండు వందల పన్నెండు.”

కొంతసేపటికి మళ్ళీ. “నూటా ముప్పై.”

ఇంకొంతసేపటికి. “నూటా అరవై ఎనిమిది.” ఆ తర్వాత, “ఇదేందప్పా, తొంభై నాలుగు.”

గంటన్నర అలా నడిచింది. నడిచింది అంకెలే, నాయన కదల్లేదు. పక్క చేను గట్టు మీద ఓబులేసు, అరచేతిలో టెంకాయ పెట్టుకుని తిరిగే మనిషితో పాటు వచ్చి చూస్తున్నాడు. “ఏమన్నా, మీటరు లాటరీ మాదిరి తిరుగుతాంది? మా టెంకాయే మేలు కదా,” అన్నాడు. 

నాయన మీటరప్ప వైపు తిరిగాడు. “నేను కదల్లేదు.”

“కదల్లేదు.”

“మేకు కదల్లేదు.”

“కదల్లేదు.”

“అంకె కదిల్తాండాది.”

మీటరప్ప గడ్డం ఎత్తి పైకి చూపించాడు. మే నెల ఆకాశం, ఒక్క మబ్బు తునక కూడా లేదు. నాయన చాలాసేపు అటే చూశాడు. నాయనకు నమ్మకం కుదిరేది చేత్తో పట్టుకున్నప్పుడే. పెట్టె మెడలోంచి తీసి మీటరప్పకిచ్చి, ఫోను తీసి ఏజెంటుతో, “బండి ఓబులేసు చేన్లోకి తోలుకోండి. నాకు ఈ పొద్దు వద్దు,” అన్నాడు. 

ఓబులేసుకు నీళ్ళు పడ్డాయి. టెంకాయ నిలబడిన చోటే, ఒకటిన్నర ఇంచు ధార.

 ఆ సాయంత్రం నేను చదివిన పుస్తకాలన్నీ నా మీదే పడినట్టుంది. నాయన కాలు కదిపి ఉంటే, ఏ చోటో ఒక చోట వేసి ఉంటే, మాకు కూడా పడేవేమో. మర్నాడు పేపర్లో, శుక్రవారం రాత్రి లడఖ్ కొండల పైన ఆకాశం ఎర్రబారిందని, అది ఎక్కడో ధ్రువాల దగ్గర కనబడే వెలుగని ఫొటో వచ్చింది. ఆ పేపరు లైబ్రరీలో అడిగి ఇంటికి తెచ్చి చూపించాను. నాయన చూసి, “బాగుండాది,” అని పక్కన పెట్టాడు. చెట్లకు నీళ్ళిచ్చే బొమ్మ కాదు కదా అది.

మీటరప్ప దగ్గర గొణిగాను. “ఓబులేసుకు పడినాయి కదా మామా.”

“మంచిదే కదమ్మా. తుఫాను రోజు బోరు వేస్తే నీళ్ళు పడవని నేను యాడ చెప్పినా? నా మీటరును నమ్మొద్దన్నా, అంతే.”

ఆ తర్వాత రోజూ పొద్దున్నే ఆయన మా చేనికి వచ్చి, మేకు దగ్గర నిలబడి రెండు సార్లు అంకె చూసి, తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయేవాడు. ఈలోగా ఎండ ఆగలేదు. మూడో రోజు ఓబులేసు తనంతట తానే తన కొత్త బోరు నుంచి మా చేన్లోకి పైపు వేశాడు, రోజుకు రెండు గంటలు.

“నా టెంకాయ నీళ్ళు నీ మీటరు చెట్లకు అరుగుతాయో లేదో చూద్దాం అన్నా,” అన్నాడు.

“అరక్కపోతే కషాయం తాపిస్తాలే,” అన్నాడు నాయన. ఆ వారంలో నాయన నోట వచ్చిన మొదటి వేళాకోళం అది.

రెండు గంటల నీళ్ళు మూడు వందల చెట్లకు చాలవు. ఏ వరసలు వదిలేయాలో నాయన చేను చుట్టూ తిరిగి తేల్చుకున్నాడు. తూర్పు వైపు ఆరు వరసలకు నీళ్ళు మాన్పించాడు. అటు వెళ్ళినప్పుడు అమ్మ తల దించుకుని నడిచేది.

ఐదో రోజు మేకు దగ్గర అంకె నిలిచింది. గంట తర్వాత కూడా అదే, రెండు మూడు తేడాతో. మీటరప్ప నడిచాడు. ఇరవై అడుగులకొకసారి ఆగడం, నొక్కడం, నేను రాసుకోవడం. వరస పూర్తికాగానే మేకు దగ్గరికి వచ్చి చూడడం, కలిస్తేనే తర్వాతి వరస. మధ్యాహ్నానికి చేనుకు ఏటవాలుగా నల్లరాయి గోడ కాగితం మీద తేలింది. అది తూర్పున, దున్నినప్పుడల్లా ఏరిన రాళ్ళు మేము గుట్టగా పోసిన చోటి కిందుగా పోతోంది. అక్కడ బోరు వేయాలని ఎవరికీ తట్టి ఉండదు. గోడకు పైపక్కన పాయింటు పెట్టి, “నాలుగు వందల యాభై అడుగులు దాటాల. అంతకు ముందు ఏమీ రాదు, భయపడొద్దు,” అని చెప్పి వెళ్ళిపోయాడు.

బండి దొరకడానికి ఇంకో పదకొండు రోజులు పట్టింది. రాళ్ళ గుట్ట తీయడానికి ఆ రోజులు సరిపోయాయి. బోరు వేసే రోజు నాయన చేను అవతలి గట్టున, మా వైపు వీపు పెట్టి కూర్చున్నాడు. రెండు వందల అడుగుల దాకా తెల్ల దుమ్ము. మూడు వందలు, అదే దుమ్ము. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, దుమ్ముకో ఏడుపుకో తెలియలేదు. మూడు వందల ఎనభై దగ్గర దుమ్ము రంగు మారింది, బూడిద తడిసినట్టు. బండి మనిషి చెయ్యి ఎత్తాడు. ఇంకో రాడ్డు దిగిందో లేదో, నీళ్ళు మనిషి ఎత్తున ఎగిరి మా అందరి మీదా బురద కొట్టాయి. రెండించులు.

నాయన లేచి వచ్చాడు.  పార తీసుకుని నేరుగా తూర్పు వరసల వైపు కాలవ తీయడం మొదలుపెట్టాడు. మానేసిన ఆరు వరసల వైపు.

సాయంత్రం నాలుగింటికి మీటరప్ప వచ్చాడు. ఎవరూ పిలవలేదు. తాను పాయింటు పెట్టిన చేన్లో, బోరు వేసిన రోజే ఆయన అడుగుపెట్టడం ఇరవై ఏళ్ళలో అదే మొదటిసారి. గట్టు మీద చెప్పులు విడిచాడు, ఈసారి ఇనుము కోసం కాదు. పంచె ఎగగట్టుకుని కాలవలోకి దిగి, చీలమండల దాకా నీళ్ళలో నిలబడ్డాడు. వంగి దోసిట్లో పట్టుకుని తాగాడు. ఉప్పగా లేవు. నాయన పార ఆపి చూశాడు. 

నేను దగ్గరికి వెళ్ళాను. చెప్పాల్సింది చాలా ఉందనిపించింది. “మామా, నువ్వు చెప్పినట్టే…” అని మొదలుపెట్టాను.

“యాడ చెప్పినట్టే? ఎన్నడుగులకు పడినాయి?”

“మూడొందల ఎనభైకి.”

“నాలుగు వందల యాభై దాటాలన్నా కదా. డెబ్బై అడుగులు తప్పింది.” కళ్ళు నీళ్ళ మీద నుంచి తీయకుండానే చెయ్యి చాపి నేను అంకెలు రాసుకున్న పుస్తకం వైపు చూపించాడు. “మంచికి తప్పినా తప్పే కోడలా. రాసుకో.”

రాసుకున్నాను. తల ఎత్తేసరికి నీళ్ళు నాలుగో వరస దాటి ఐదో వరసలోకి మళ్ళుతున్నాయి.